రొట్టెముక్క తుడిచిన మబ్బు

హైదరాబాదు పాతబస్తీకి వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మా వీధి ఆడవాళ్ళంతా గాజులేవని అడుగుతున్నారు. గాజులు తేలేదు. నేను తెచ్చినవి మూడే: కొత్తగా బైండు చేయించిన పాత డ్రాయింగు పుస్తకం, చేతిరుమాలంత ఎర్ర జిలాటిన్ కాగితం, కంట్లో వేసుకునే చుక్కల మందు. ఐదు రోజులు తిరిగి నువ్వు తెచ్చింది ఇదా అని మా ఆయన నవ్వాడు. ఆయనకి చెప్పిన కథే ఇక్కడ రాస్తున్నాను. కాకపోతే ఆయనకి చెప్పినప్పుడు నేను అరిచిన అరుపులు కాస్త తగ్గించి చెప్పాను. ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తాను.

ముందు నా సంగతి చెప్పాలి. మార్కాపురంలో ఇరవై ఆరేళ్ళు డ్రాయింగు టీచరుగా పనిచేశాను. పద్నాలుగేళ్ళ కిందట ఒక చిన్న టెలిస్కోపు కొనుక్కున్నాను. బిందెంత ఉంటుంది, స్టూలు మీద పెట్టుకుని చూడాలి. అందరూ ఫోటోలు తీస్తారు, నేను బొమ్మలు గీస్తాను. ఒక కన్ను గొట్టానికి ఆనించి, కనిపించినదాన్ని పుస్తకంలోకి దించడం. తెల్ల కాగితం కాబట్టి అందులో ఆకాశం తిరగబడుతుంది. నక్షత్రాలు నల్లసిరా చుక్కలవుతాయి. వాటి మధ్య పొగలా కనిపించే నెబ్యులాలను పెన్సిలు పొడి చల్లి వేలితో అలుకుతాను. వాటిని నేను మబ్బులనే అంటాను. ప్రతి బొమ్మ కింద తేదీ, సమయం, ఏ కన్నుతో చూశానో రాస్తాను. పద్నాలుగేళ్ళుగా ఆ చివరి మాట మారలేదు, ‘కన్ను: కుడి’. ఇన్నేళ్ళలో మా ఆయన ఒక్కసారి కూడా ఆ గొట్టంలోకి చూడలేదు. దోమలంటాడు.

ఈ మబ్బులతో ఒక చిక్కుంది. సూటిగా చూస్తే కనపడవు. పక్కకెక్కడో చూస్తున్నట్టు ఉండి ఓరచూపుతో పట్టుకోవాలి. పోయిన ఏడాది నా కుడికంటికి గ్లకోమా అన్నారు. ఆ జబ్బు చూపుని అంచుల నుంచి తినుకుంటూ వస్తుంది, అంటే సరిగ్గా నా ఓరచూపునే. చందమామ ఇప్పటికీ కనిపిస్తున్నాడు. గురుగ్రహం కనిపిస్తోంది. మబ్బులు మాత్రం ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఎడమకన్ను చిన్నప్పటి నుంచీ మందమే. అందుకని ఆ పుస్తకమంటే నాకు ప్రాణం. నేను వాటిని చూశానని చెప్పడానికి మిగిలింది అదొక్కటే. దాని కుట్లు ఊడి కాగితాలు జారిపోతున్నాయని ఫోనులో బాధపడితే హైదరాబాదులో ఉన్న నా పాత స్నేహితురాలు షమీమ్ వెంటనే అంది, “రమణక్కా, గంత ఫికర్ ఎందుకు? మా ఖలీల్ భాయ్ ఉన్నడు. నూరేళ్ళ కితాబులకు జిల్ద్ కడ్తడు. పట్టుకొని రా.” పుస్తకాన్ని బైండు చేయడాన్ని వాళ్ళు జిల్ద్ కట్టడమంటారు. కంటి ఆసుపత్రికి ఎటూ హైదరాబాదు వెళ్ళాలి. జనవరి, వెన్నెల లేని రోజులు. టెలిస్కోపు కూడా సంచిలో వేసుకున్నాను.

బహదూర్‌పురాలో సింహం

షమీమ్ వాళ్ళాయన రైల్వే మనిషి. మార్కాపురంలో ఆరేళ్ళు మా పక్క వాటాలో ఉన్నారు. ఇప్పుడు బహదూర్‌పురాలో సొంత ఇల్లు, పైన మంచి మిద్దె. ఆమె నన్ను చూసి ఏడ్చింది, నేను నా సంచి చూసుకుని ఏడ్చాను. లోపల టార్చిలైటు నుజ్జునుజ్జయింది. అది ఎర్ర వెలుతురిచ్చే టార్చి. తెల్ల దీపం పడితే చీకటికి అలవాటు పడిన కన్ను చెదురుతుంది, ఎర్రదైతే ఫర్వాలేదు. టెలిస్కోపుకి మాత్రం గీత కూడా పడలేదు.

ఆ సాయంత్రం మిద్దె మీద షమీమ్‌కి గురుగ్రహం చూపించాను. గుండ్రటి బిళ్ళ మీద రెండు చారలు, పక్కన వరసగా నాలుగు చందమామలు. “నాలుగా! మనకొక్కడు కనబడితేనే పండగ చేస్కుంటం, గాడ మస్తు పండగలున్నట్టున్నయి,” అంది. అంతకంటే మంచి మాట నేను ఇరవై ఆరేళ్ళలో ఏ సైన్సు టీచరు నోటా వినలేదు.

తెల్లవారుజామున గర్జన వినపడి లేచి కూర్చున్నాను. షమీమ్ పక్క మీద నుంచే, “అది జూల షేరక్కా. రోజూ ఐదింటికి దాని లొల్లే. పండుకో,” అంది. మా ఊళ్ళో ఆ వేళకి పాలవాడి సైకిలు గంట వినిపిస్తుంది. ఇక్కడ మనుషులు సింహం పిలిస్తే లేచి పాలు కాచుకుంటారు.

ఛత్తా బజారు

పొద్దున్నే కిచిడీ పెట్టింది. మా ఇంట్లో కిచిడీ అంటే జ్వరం తగిలిందన్నమాట. వీళ్ళకి అది పండగ. పక్కన ఖీమా, పైన చింతపండు, నువ్వులు కలిపిన ఖట్టా. మూడోసారి వడ్డించుకుంటుంటే నాకే సిగ్గేసింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ చాలా ఓపికగా చెప్పింది. ఉన్న చూపు ఈ చుక్కల మందుతో నిలబడుతుంది, పోయింది మాత్రం తిరిగి రాదు అని. తెలిసిన సంగతే, అయినా ఇంకొకరి నోట వింటే ఎక్కువ బరువుగా ఉంది. బయట ఇరవై ఐదు రూపాయలకి ఇరానీ చాయ్ తాగాను. మా ఊరి టీ రెండు గుక్కల్లో అయిపోతుంది. దీన్ని తొందరగా తాగితే హోటలాయన బాధపడేట్టున్నాడు.

మధ్యాహ్నం షమీమ్ నన్ను ఛత్తా బజారుకి తీసుకెళ్ళింది. వీధంతా పెళ్ళికార్డులు అచ్చేసే ప్రెస్సులు. వాటి మధ్య, చాప వెడల్పున్న కొట్లో ఖలీల్ భాయ్. అరవై దాటుంటాయి, తెల్లగడ్డం, గోళ్ళ సందుల్లో ఎండిన మైదా జిగురు. పురుగు పట్టకుండా ఆ జిగురులో మైలుతుత్తం కలుపుతారట. కొట్టంతా ఆ వాసనే. ఎవరివో పాత ఇంటి కాగితాలు, అట్టలూడిన మతగ్రంథాలు గోడవారగా పేర్చి ఉన్నాయి. ఒక్కో కాగితాన్ని ఆయన రెండు చేతులతో పట్టుకుంటున్న తీరు నాకు నచ్చింది. అయినా టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది? పది నిమిషాలు పాఠం చెప్పాను. దారం మందంగా ఉండకూడదు, అంచులు కోయకూడదు, కాగితం మీద ఒక్క మరక ఉండకూడదు.

“ఒక్క మరక ఉండదు, టీచరమ్మా. నా జబాన్,” అన్నాడాయన గుండె మీద చెయ్యి పెట్టుకుని. ఇంత చెప్పినదాన్ని, ఆ కాగితాల మీద ఏముందో మాత్రం చెప్పలేదు. చూస్తే తెలుస్తుంది కదా అనుకున్నాను. రేపు రమ్మన్నాడు.

మళ్ళీ ఛత్తా బజారు

మర్నాడు మేం వెళ్ళేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది. కుట్టు ఇంకా మొదలుపెట్టలేదట. ముందు కాగితాలు శుభ్రం చేయడం ఆయన పద్ధతి. నిన్నటి డబల్ రొట్టె మధ్యలోని మెత్తటి భాగం తీసి, ఉండ చేసి, కాగితం మీద మెల్లగా దొర్లిస్తాడు. నీళ్ళు తగలకుండా, కాగితం చిట్లకుండా చేతిమురికంతా రొట్టెకి అంటుకొచ్చేస్తుంది. తాతల నాటి పద్ధతి.

“మీ కాగితాల్ల మస్తు మరకలుండె టీచరమ్మా,” అన్నాడు. “వేలిముద్రలతోని పాడైపోయినయి. పొద్దుగాల కెల్లి గదే పని. పంతొమ్మిది కాగితాలైనయి. సిరా చుక్కలు ఒక్కటి పోలే, చూడుండ్రి.”

చూశాను. ఆకాశంలో గొల్లకావడి అనే మూడు చుక్కల వరస కింద వేలాడే చిన్న చుక్కల్లో నడిమిది ఒక పెద్ద మబ్బు. చలికాలంలో ఐదు సాయంత్రాలు కూర్చుని, రెక్క తరవాత రెక్క వేలితో అలికిన బొమ్మది. నా సిరా చుక్కలు ఎక్కడివక్కడ ఉన్నాయి. మబ్బు లేదు. కాగితం బడి మొదటిరోజు నోటుపుస్తకంలా తెల్లగా ఉంది. తిప్పాను. తరవాతదీ అంతే. దాని తరవాతదీ అంతే.

ఆ కొట్లో నేనేమన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది, రాస్తానన్నాను కాబట్టి రాస్తున్నాను. “బుద్ధుందా మీకు? అడగక్కర్లేదా? నా కన్ను తుడిచేశారు మీరు, నా కన్ను!” అన్నాను. పెళ్ళికార్డులు తీసుకుపోవడానికి వచ్చినవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఖలీల్ భాయ్ చేతిలో బూడిదరంగు రొట్టె ఉండ అలాగే ఉంది. “మరకలనుకున్న,” అన్నాడు. పుస్తకం అక్కడే వదిలేసి ఆటో ఎక్కేశాను.

షమీమ్ వెనకే వచ్చి ఎక్కి, ఆటో అతనికి దారి చెప్పింది. మూసీ దాటే దగ్గర అద్దంలో నా ముఖం నేనే చూసుకున్నాను. ఒక్క మరక ఉండకూడదని చెప్పింది నేను. కోపం అప్పుడు నా మీదికి మళ్ళింది, అదింకా కష్టంగా ఉంది. అప్పటికి అఫ్జల్‌గంజ్ వచ్చేసింది. ఇంటికెళ్ళే దారి ఇది కాదు కదా అంటే, “నీ కోపం దిగే దాక ఉస్మాన్‌గంజ్‌ల తిప్పి తీస్కపోదామనుకున్న,” అంది షమీమ్. మిరపకాయల బస్తాల మధ్య నడిచి ఇద్దరం తుమ్మి తుమ్మి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాం. నావి ఏ నీళ్ళో ఎవరికీ తెలియలేదు. ఆ ఘాటుకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

సాయంత్రం తలుపు చప్పుడైంది. ఖలీల్ భాయ్. చంకలో గుడ్డలో చుట్టిన నా పుస్తకం, చేతిలో ఒక రేకు డబ్బా. లోపలికి రమ్మన్నా రాలేదు.

“టీచరమ్మా, నలభై ఏండ్ల సంది ఈ పనిల ఉన్న. ఎవరి కాగితం ఖరాబు చెయ్యలే. ఇయ్యాల నేను తుడిచిందేందో నాకు తెల్వకుంటె నాకు నిద్ర పట్టది,” అన్నాడు. “గదేందో జర చూపియ్యుండ్రి.”

నేను చెప్పగలను కానీ చూపించలేను, అదే కదా బాధంతా. అయినా సరేనన్నాను. ఆ రాత్రి పొగమంచు కమ్మి ఒక్క చుక్క కనపడలేదు. రేపు రమ్మన్నాను, ఈసారి మర్యాదగా. డబ్బాలో ఏముందని అడిగాను. కాగితాలు తుడిచిన రొట్టె ఉండలు. మురికి పట్టిన రొట్టె పావురాలకు వేయకూడదు, తొక్కే చోట పడేయకూడదు, అన్నమే కదా. పోగుచేసి మొక్కల మొదట్లో పూడుస్తాడట. ఇవి మాత్రం పూడ్చడానికి చేతులు రాలేదని, డబ్బా, పుస్తకం నా దగ్గర పెట్టి వెళ్ళాడు.

బేగంబజార్‌లో ఎర్ర కాగితం

నాది పగిలింది కాబట్టి షమీమ్ వాళ్ళ టార్చికి కట్టడానికి ఎర్ర కాగితం కావాలి. మర్నాడు పొద్దున బేగంబజార్‌కి వెళ్ళాం. ఆ బజారులో గరిటె కావాలంటే డజను కొనమంటారు. ఇరుకు సందుల్లో హమాలీలు నెత్తి మీద ఇత్తడి గుండిగల దొంతర పెట్టుకుని, “జరుగు, జరుగు!” అంటూ వస్తుంటే గోడకి బల్లిలా అంటుకుపోవాలి. మిఠాయి పెట్టెలకు చుట్టే రంగు కాగితాల కొట్లో ఎర్ర జిలాటిన్ ఉంది.

“కట్ట తీస్కోవాలమ్మా. చిల్లర ఇయ్యం,” అన్నాడు కొట్టాయన.

“నాకు చేతిరుమాలంత చాలు.”

“గంత ముక్కతోని ఏం చేస్తరు?”

“టార్చికి కట్టి నక్షత్రాలు చూస్తాం,” అన్నాను. ఆయన నన్ను, షమీమ్‌ని చూశాడు. ఏమనుకున్నాడో, కట్టలో పై కాగితం పర్రున చించి చేతిలో పెట్టాడు. ఎంత అంటే చెయ్యి ఊపాడు. “గిది గిరాకీ కాదమ్మా, పోండ్రి,” అన్నాడు. ఆ కొట్టు ముందు నిలబడి ఆయనకి నమస్కారం పెట్టాను. వెనక నుంచి హమాలీ మళ్ళీ జరగమని అరిచాడు.

మిద్దె మీద

ఏడున్నరకి ఖలీల్ భాయ్ వచ్చాడు. ఇస్త్రీ లాల్చీ, చెవిలో అత్తరు దూది. మంచు విడిపోయింది. తూర్పున గొల్లకావడి నిలువుగా లేచి ఉంది. కానీ చుట్టూ మిద్దెల మీద లైట్లు. ఎదురింటి ఫోకస్ లైటయితే సూటిగా మా కళ్ళలోకే.

షమీమ్ పిట్టగోడ దగ్గరికెళ్ళి గొంతెత్తింది. “ఓ ఆపా! జర బత్తీ బంద్ కర్దేవ్!”

“కాయ్‌కు?” అవతల్నుంచి ప్రశ్న.

“తారే దేఖ్ రైఁ!”

నక్షత్రాలు చూడ్డానికి లైటు ఆపమంటే మా వీధిలో ఏమంటారో నాకు తెలుసు. ఎదురింటి ఆపా లైటు ఆపేసి, తన పక్కింటివాళ్ళని కేకేసింది. వాళ్ళు ఆ పక్కవాళ్ళని. ఒకటి, రెండు, ఐదు మిద్దెలు ఒకదాని తరవాత ఒకటి చీకటిలోకి దిగిపోయాయి. పేరు కూడా తెలియని మనుషులు నా కోసం ఆకాశాన్ని తుడిచి ఇచ్చారు.

ముందు నేను చూశాను. మధ్యలో దగ్గర దగ్గరగా నాలుగు నక్షత్రాలు, వాటి చుట్టూ కాస్త వెలుగు. అంతే. రెక్కల కోసం ఓరచూపు చూశాను. కుడివైపు, ఎడమవైపు, మళ్ళీ చూశాను. లేవు. లేవని తెలిసే ఎక్కాను, అయినా మిద్దె దిగిపోదామనిపించింది. “నాకింతే కనపడుతుంది,” అని ఆయనకి చోటిచ్చాను.

ఖలీల్ భాయ్ వంగాడు. ఎర్రటి వెలుతురులో నేను పుస్తకంలో ఆ కాగితం తీసి స్టూలు పక్కన పెట్టాను. ఆయన గొట్టంలోకీ కాగితంలోకీ మార్చి మార్చి చూశాడు. “గీ నాలుగు చుక్కలే గదా ఆ నాలుగు?” అన్నాడు. అవునన్నాను.

“మబ్బుని చూడొద్దు. దాని పక్కన చూస్తున్నట్టు ఉండండి.”

“ఎరికే టీచరమ్మా. మరకను గట్లనే చూడాలె. సూటిగ చూస్తె కాగితమంత ఒక్క తీరే ఉంటది. జర పక్కకు చూస్తేనే మరక లేస్తది.”

పద్నాలుగేళ్ళు తపస్సు చేసి నేర్చుకున్న చూపు ఆయనకి నలభై ఏళ్ళుగా పొట్టకూడు.

ఆయన మళ్ళీ గొట్టానికి కన్ను ఆనించాడు. తరవాత మెల్లగా మొదలుపెట్టాడు. “ఉన్నది. పెద్ద మరక. రెండు దిక్కులా చేతులు చాపినట్టున్నది. ఒక దిక్కు పొడుగున్నది, ఇంకో దిక్కు వంకరగ పోయింది.” ఆగాడు. “దాని పక్కన ఇంకో మరక. గిది శాన చిన్నది. రెండిటి నడుమ నల్లగ సందున్నది.”

ఆ చిన్న మబ్బు గురించి నేనెవరికీ చెప్పలేదు, షమీమ్‌కి కూడా. మార్కాపురం చీకట్లో మూడో సాయంత్రానికి గానీ నాకు దొరకలేదది. ఆయన తుడిచిన కాగితం మీద ఆ నల్లటి సందుకి అవతల, సరిగ్గా అక్కడే ఉండేది. స్టూలు అంచు పట్టుకుని ఏడ్చేశాను. నేను చూసింది నిజమేనని ఇంకో కన్ను చెప్పడం పద్నాలుగేళ్ళలో అదే మొదటిసారి.

పెన్సిలు ఇస్తే ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “నాకు తీసుడొస్తది గాని గీసుడు రాదు.” నా కళ్ళు రేకు డబ్బా మీద పడ్డాయి. మురికి పట్టిన రబ్బరుతో రుద్దితే కాగితం ఇంకా నల్లబడుతుందని బడిలో ఎంతమందిని తిట్టానో! ఒక ఉండ తీసి వేళ్ళతో మెత్తగా నలిపి ఆయన చేతిలో పెట్టాను. నా పెన్సిలు పొడంతా అందులోనే ఉంది.

“ఇక్కడి నుంచి తీసిందే. ఎక్కడ కనిపిస్తే అక్కడ పెట్టెయ్యండి.”

ఆయన గొట్టంలోకి చూసి, కాగితం మీదికి వంగి, చుక్కల మధ్య రొట్టె ఉండని మెల్లగా అద్దాడు. మళ్ళీ చూసి మళ్ళీ అద్దాడు. చుక్కలు ఒక్కటి కూడా పోలేదు కదా, వాటి లెక్కన మబ్బు ఎక్కడికి రావాలో అక్కడికే వచ్చింది. షమీమ్ టార్చి పట్టుకుని, చెయ్యి మార్చుకోకుండా గంటసేపు నిలబడింది. ఎదురింటి ఆపా ఒకసారి, “హోగయా క్యా?” అని అడిగి, కాలేదంటే సరేనంది. ఐదు మిద్దెల్లో ఒక్కరూ లైటు వెయ్యలేదు.

అది నేను గీసినంత నాజూకుగా లేదు. ఒక రెక్క కాస్త లావుగా వచ్చింది. కానీ చిన్న మబ్బు, మధ్యలో సందు, ఉండాల్సిన చోట ఉన్నాయి. కింద నా పాత అక్షరాలున్నాయి. తేదీ, సమయం, ‘కన్ను: కుడి’. నేను దాని కింద ఆ రోజు తేదీ వేసి, ‘కన్ను: ఖలీల్ భాయ్’ అని రాశాను. ఏం రాశానని ఆయన అడిగితే చదివి వినిపించాను. టోపీ తీసి, నెత్తి నిమురుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

మార్కాపురం

ఆ రాత్రి ఆయన కుట్టడానికి పట్టుకెళ్ళిన పుస్తకాన్ని ఐదో రోజు బయల్దేరేముందు తీసుకున్నాను. మెరూన్ రంగు గుడ్డ అట్ట, సన్నటి దారం, అంచులు కోయలేదు. మిగిలిన పద్దెనిమిది తెల్ల కాగితాలు చుక్కలతో అలాగే ఉన్నాయి. తీసేయమంటారా అని అడిగితే వద్దన్నాను. చివర్లో ఒక గుడ్డ సంచి కుట్టి, దాంట్లో మిగిలిన బూడిద రొట్టె ఉండల్ని పొడిగా ఆరబెట్టి వేశాడు, మైలుతుత్తం చల్లి మరీ.

ఈ కథంతా విని మా ఆయన పుస్తకం తీసుకుని ఆ పేజీ చూశాడు. కింద రాసిన రెండు వరసలూ చదివాడు. తరవాత చుక్కలు మాత్రమే ఉన్న పేజీలు ఒక్కొక్కటీ తిప్పాడు. నవ్వలేదు. “ఇవన్నీ ఇప్పుడు కనిపిస్తాయా?” అన్నాడు. కొన్ని ఇప్పుడు, కొన్ని ఎండాకాలంలో అన్నాను.

మర్నాడు కూరగాయలకి వెళ్ళినాయన సంచి దింపి, వంకాయల మీద నుంచి ఒక డబల్ రొట్టె తీసి బల్ల మీద పెట్టాడు. పక్కన దోమల మందు కూడా ఉంది.